పేరు లేని విస్తరి

పెద్దబాపు పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను నార్కట్‌పల్లిలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆయన్ని చూడడానికే బయల్దేరాను. "ఇగ తొందరేం లేదు చెల్లె, నిమ్మళంగ రా" అంది. అక్క ఆయనకు ఒక్కతే బిడ్డ. ఆయన తమ్ముడైన మా నాయిన పోయాక నన్నూ ఆయనే పెంచాడు.

కేతేపల్లి దగ్గరి మా ఊళ్లో మమ్మల్ని ఏటొడ్డోళ్లు అంటారు. అది మా ఇంటిపేరు కాదు. పాలమూరు దిక్కున కృష్ణ ఒడ్డు ఊరి నుంచి మా తాత మగ్గం సామాను మోసుకుని వలస వస్తే, ఇక్కడివాళ్లు పెట్టిన గుర్తు. పిల్లలు చిన్నగా ఉండగానే తాత పోయాడు. ఇంటిపేరు, గోత్రం ఆయనతోనే పోయాయి. మొగుడి పేరే కాదు, ఆయన ఇంటిపేరు కూడా నోటితో అనకూడదని అవ్వ పట్టు. పెద్దబాపు ఎన్నిసార్లు అడిగినా "పటమోళ్లు వస్తరు, వాళ్లే చెప్తరు తియ్" అనేదట. అలా అంటూనే కన్నుమూసింది.

పటమోళ్లంటే, బొమ్మల గుడ్డ వేలాడదీసి మా పద్మశాలీల కులపురాణం చెప్పేవాళ్లు. కథ అయ్యాక ఇంటింటి ముందు నిలబడి ఆ ఇంటి తరాల పేర్లు అప్పజెప్తారు. మా ఊరికీ వచ్చారు. అందరి గడపల ముందూ చెప్పి, మా గడప దాటిపోయారు. ఏ ఊరి వంశాలు ఆ ఊరి పటమోళ్లకే తెలుస్తాయి. "మీ ఇల్లు మా వంతుల లేదు" అన్నారు.

దాన్ని పెద్దబాపు నవ్వుతూనే తట్టుకున్నాడు. అక్కకు కుదరబోయిన సంబంధం చెడినప్పుడు మాత్రం నవ్వలేదు. పిల్లగాడి తాతలూ కృష్ణ ఒడ్డు వాళ్లే. "ఒక్కటే ఇంటోళ్లమైతే అన్నచెల్లెండ్లయితరు గదా, ఎట్ల చేసుకుంటం?" అని లేచిపోయారు. కాదని చెప్పడానికి ఆయన దగ్గర పేరు లేదు. తర్వాత అక్కకు వేరే చోట పెళ్లయింది గాని, ఆయన్ని ఈ వెతుకులాట వదల్లేదు.

తాతల ఊరు ఎప్పుడో డ్యాం కింద మునిగిపోయింది. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ ఊరివాళ్లు చెదిరిపోయిన చోట్లన్నీ నేనూ పెద్దబాపూ తిరిగాము. బస్సెక్కితే చాలు, ఎదురుగా ఉన్నవాళ్ల ముక్కులు చూసేవాడు. "గాయన ముక్కు మా నాయిన ముక్కు లెక్కనే ఉంది, జర ఊరడుగు బిడ్డా." నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. విసుక్కుంటే, "నీకేం, పెండ్లితోని ఇంకో పేరొచ్చె. నాకేడికెల్లి రావాలె?" అనేవాడు.

చివరికి ఆ ఊరి పటమోళ్లలో మిగిలిన ముసలాయన దొరికాడు. పెద్దబాపు ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ముసలాయన చాలాసేపు కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు. "ఊరే లేకపాయె కొడుకా, ఎవల గడపల చెప్పాలె? చెప్పక చెప్పక నోట్లకెల్లి పోయినయి" అన్నాడు. మా మొహాలు చూసి జాలిపడ్డాడేమో, "ఏదన్న ఒక పేరు చెప్తా, పెట్టుకోరాదా?" అన్నాడు.

పెద్దబాపు దండం పెట్టాడు. "ఒద్దు పెద్దయ్యా. తప్పు పేరుతోని పిలిస్తే మావోళ్లు పలుకరు."

తిరుగు బస్సులో ఆయన ఎవరి ముక్కూ చూడలేదు.

మీకు ఇది చిన్న సంగతిగా తోచవచ్చు. ఏటా పెత్రమాసకు, భాద్రపద అమావాస్య నాడు, పోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యమిచ్చేటప్పుడు తాతకు ఒక విస్తరి, అవ్వకు ఒకటి, పేరు తెలియనివాళ్లందరికీ కలిపి ఇంకొకటి పరిచేవాడు. "ఆకలితోని వచ్చి, మనల పిలుస్తలేరని మర్లిపోతున్నరేమో బిడ్డా" అనేవాడు. ఆయన నన్ను ఏ లోటూ లేకుండా పెంచాడు. ఆయనకు కావలసింది ఒక్క మాట. అది ఎక్కడా లేదని తెలిసి కూడా ఇంకా పదేళ్లు బతికాడు. ఆ బతుకు తలచుకుంటే నాకు గుండె తరుక్కుపోతుంది.

మొన్న పెత్రమాసకు అక్క ఆ మూడింటి పక్కన వాళ్ల బాపుకు కొత్త విస్తరి వేసింది. అయ్యగారు కొత్తగా వచ్చినాయన. "ఇంటిపేరు చెప్పమ్మా" అన్నాడు. అక్క దోసిట్లో బియ్యంతో నా వైపు చూసింది.

అక్క ఆ కొత్త విస్తరిని అట్లాగే ఖాళీగా వదిలేసి, బాపు బియ్యాన్ని పేరు తెలియనివాళ్ల విస్తరిలో పోసింది.