పడవ మీద ఆమె అన్న మాట

ఏళ్ళ తరబడి నేనొక అబద్ధంతో కాపురం చేస్తున్నాను. పెద్ద అబద్ధం కాదు. చిన్న మాట. దానివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, ఎవరి ఇల్లూ కూలలేదు. అందుకే కాబోలు, ఎవరికీ చెప్పాల్సిన పని లేదని ఇన్నాళ్ళూ నాకు నేనే నచ్చజెప్పుకుంటూ వచ్చాను. పోయిన వారం ఒక ఫోన్ వచ్చింది. అప్పటినుంచి అలా నచ్చజెప్పుకోవడం కుదరడం లేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అలా అయితేనే చెప్పగలను.

మాది వాషర్‌మెన్‌పేట్. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి ఈ తమిళదేశానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. వసంత మా పిన్ని కూతురు, నాకంటే చిన్నది. పిన్ని పోయాక మా ఇంట్లోనే పెరిగింది. ఒకే చాప మీద పడుకున్నాం, ఒకే దువ్వెనతో తల దువ్వుకున్నాం. నేను చదువుకుని షోళింగనల్లూరులో ఒక ఆఫీసులో చేరాను. పరాయి భాషల సినిమాలకి ఇంగ్లీషు నుంచి తెలుగులో సబ్‌టైటిల్స్ రాయడం నా పని. వసంతకి చదువు అబ్బలేదు. తమిళం కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషు అసలు రాదు. మా వీధిలోనే ఒక టైలర్ షాపులో జాకెట్లు కుట్టేది.

ఆ షాపుకి మురళి వచ్చేవాడు. రాజమండ్రి మనిషి. సినిమాల్లో కాస్ట్యూమ్ అసిస్టెంటు. బట్టలు సరిచేయించుకోవడానికి వచ్చి షాపంతా నవ్వించి వెళ్ళేవాడు. ఇంకొకతను ధర్మ. చూలైలో గ్రైండర్లు రిపేరు చేసేవాడు. మా ఇంట్లో గ్రైండరు ఆగిపోతే వచ్చి బాగుచేశాడు. ఆ తర్వాత అది చెడిపోకపోయినా వచ్చి చూసి వెళ్ళేవాడు. వసంత కోసమే వస్తున్నాడని అందరికంటే ముందు నాకే తెలిసింది. ఎందుకంటే, అతను ఎటు చూస్తున్నాడో నేను చూస్తూ ఉండేదాన్ని.

అవును. అతనంటే నాకు ఇష్టం. ఈ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు. అతనితో కూడా.

మురళి సూటిగా వసంతనే అడిగేశాడు. ఔట్‌డోర్ షూటింగ్‌కి వెళ్తున్నాననీ, వెళ్ళేలోపు ఏదో ఒకటి చెప్పమనీ అన్నాడు. ధర్మకి నోరు పెగల్లేదు. నా దగ్గరికి వచ్చాడు. ‘మీరు చెప్తే వింటాది. నా గురించి ఒక మాట చెప్పండి’ అన్నాడు. సరేనన్నాను. చెప్పలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. మనసులో ఒక మూల ఆ రేపు రాకూడదని కూడా అనుకున్నాను.

వసంత ఎటూ తేల్చుకోలేకపోయింది. ‘మురళి ఉంటే పొద్దు తెలీదక్కా, ఆయన ఉంటే భయం తెలీదు’ అంది ఒకసారి. ధర్మ పేరు పలకడానికి సిగ్గుపడి ‘ఆయన’ అంది. అప్పుడే నాకు అర్థమైంది, త్రాసు ఎటు మొగ్గుతోందో.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం నా లాప్‌టాప్‌లో సినిమా పెట్టుకున్నాం. హాంకాంగ్ సినిమా, కాంటొనీస్ భాష. కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్. నేను చదివి తెలుగులో చెబుతూ ఉంటే వసంత చూసేది. మాకది అలవాటే. నూడుల్స్ అంగడి నడిపే ఒక అమ్మాయి కథ అది. ఇద్దరు మగవాళ్ళు ఆమెని ప్రేమిస్తారు. ఒకడు పెళ్ళిళ్ళలో పాటలు పాడుతూ అందరినీ నవ్విస్తాడు. రెండోవాడు లిఫ్టులు బాగుచేస్తాడు, నోరు విప్పడు. ఇద్దరూ ఆ అంగడిలో ఒకే బల్ల దగ్గర కూర్చుని, ప్రేమించింది ఒకే అమ్మాయినని తెలియక, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుని ఓదార్చుకుంటారు. వసంత నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. లిఫ్టు మనిషి చేతిలో స్పానర్ చూసి నన్ను మోచేత్తో పొడిచింది. రానురాను నవ్వు తగ్గించి, చూపు తిప్పకుండా చూడసాగింది.

ఆఖరి సీనులో ఆ అమ్మాయి పడవ మీద నిలబడి ఫోన్‌లో మాట్లాడుతుంది. అవతల ఎవరున్నారో చూపించరు. పేరు పెట్టి పిలవదు. ఆమె మాటల్ని బట్టే తెలుసుకోవాలి. ‘నీ పక్కన ఉంటే నేను నవ్వాల్సిన పని లేదు. ఊరికే ఉండొచ్చు. రేవు దగ్గరికి రా.’ ఇదీ ఆమె అన్నది. లిఫ్టు మనిషితో.

వసంత నా చెయ్యి పట్టుకుంది.

“ఏమంటా ఉండాదక్కా? ఎవురితో మాట్లాడతా ఉండాది?”

నేను చెప్పాను. “నువ్వు పక్కన లేకపోతే నేను నవ్వడమే మర్చిపోతాను, రేవు దగ్గరికి రా, అంటా ఉండాది.”

“అంటే ఆ పాటలోడితోనా?”

“ఆఁ. వాడితోనే.”

“నిజంగానా? సరిగ్గా చూసి చెప్పక్కా.”

“ఈడ రాసుండాది కదే.”

ఆఫీసులో ఒక్క మాట అటూ ఇటూ అయితే మళ్ళీ మళ్ళీ సరిచూసుకునేదాన్ని నేను. ఆ మాట మార్చడానికి క్షణం కూడా పట్టలేదు. ఆ అమ్మాయి పెదవులు కదిలినంత సేపూ నా అబద్ధం సరిగ్గా సరిపోయింది. చేతకాని అబద్ధమైనా కాదు. పనితనంతో చెప్పిన అబద్ధం.

వసంత లాప్‌టాప్ మూసేసింది. తర్వాత లేచి ముఖం కడుక్కుంది. ‘ఆ పిల్లే తేల్చుకునింది, నాకేమి’ అని నవ్వింది. మురళి షూటింగ్‌కి వెళ్ళేలోపే అతనికి సరేనని చెప్పింది.

సినిమా చూసి ఎవరైనా మొగుణ్ణి ఎంచుకుంటారా? ఈ ప్రశ్నని అడ్డం పెట్టుకునే ఇన్నేళ్ళు బతికాను. ఆమె మనసులో అప్పటికే మురళి ఉన్నాడేమో, నా మాట ఉన్నా లేకపోయినా అలాగే జరిగేదేమో, ఒక నవ్వులాట సినిమాకి అంత బలం ఎక్కడిది అని ఎన్నిసార్లు వాదించుకున్నానో. కానీ ఆమె అడిగింది సినిమాని కాదు. నన్ను. చెయ్యి పట్టుకుని అడిగింది.

తర్వాత ధర్మ వచ్చి అడిగాడు, నా మాట చెప్పారా అని. చెప్పాను, దానికి ఇష్టం లేదంది, అన్నాను. అది రెండో అబద్ధం. అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేనే పలకరించాను, నేనే ఓదార్చాను. ఓదార్పు పెళ్ళి దాకా వచ్చింది. మంచి మనిషి. ఇప్పటికీ తక్కువే మాట్లాడతాడు. అతని పక్కన ఊరికే ఉండొచ్చు. అలా ఉన్నప్పుడే, ఇది నాది కాదని గుర్తొస్తుంది.

మురళి చెడ్డవాడు కాదు. ఇంట్లో ఉండడు, అంతే. పని హైదరాబాదుకి మారితే వసంతని తీసుకుని వెళ్ళాడు. షూటింగులని నెలల తరబడి తిరిగాడు. వచ్చినప్పుడు ఇల్లంతా నవ్వించి మళ్ళీ వెళ్ళిపోయేవాడు. పోనుపోను రావడమే మానేశాడు. వసంత కూతురిని పెట్టుకుని, జాకెట్లు కుట్టుకుంటూ అక్కడే ఉంది. ఎప్పుడూ ఏడవలేదు. నేను కదిలిస్తే ‘నేను కోరి చేసుకునిందే కదక్కా, ఎవురిననేది’ అంటుంది. తానే కోరుకున్నానన్న ఆ ఒక్క నమ్మకాన్నీ పట్టుకుని నిలబడి ఉంది.

పోయిన వారం ఫోన్ చేసింది. “అక్కా, మనం చూసినామే, ఆ నూడుల్స్ అంగడి పిల్ల సినిమా, ఇప్పుడు తెలుగులో వచ్చుండాది. పాపతో కూర్చోని చూసినా” అంది.

నేను లేచి గది తలుపు దగ్గరికి వేశాను.

“ఆఖర్లో మొత్తం చెడగొట్టేసినారక్కా ఈ డబ్బింగోళ్ళు. ఆ మూగోడితో మాట్లాడినట్టు మార్చేసినారు. నువ్వు అసలుది చదివి చెప్పినావు కాబట్టి నాకు తెలిసింది. పాపకి కూడా చెప్పినా, మా అక్క చెప్పిందే నిజమని.”

చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది కూడా. “అవునే, డబ్బింగ్‌లో అట్టనే మారుస్తారు” అన్నాను.

“బావ బాగుండాడా?” అని అడిగింది. బాగున్నాడన్నాను. పెట్టేసింది.

ఆమెకి నిజం చెబితే ఏమవుతుంది? తానే కోరుకున్నానన్న నమ్మకం కూడా ఆమెకి మిగలదు. అందుకే చెప్పడం లేదని అనుకుంటున్నాను. అది జాలా, భయమా? జాలి అనుకోవడానికే ఇష్టం. కానీ ఆ రోజు ఫోన్‌లో ‘అవునే’ అన్నది జాలితో కాదు.

ఇది రాస్తుండగా పక్క గదిలోంచి ధర్మ, టీ పెట్టేదా అని అడిగాడు. పెట్టమన్నాను. ఏం రాస్తున్నావని అడగలేదు. అతను అడగడు.

మాట మార్చింది డబ్బింగువాళ్ళు కాదు. నేను. వసంతతో అనాల్సిన మాట ఇది, ధర్మతో అనాల్సిన మాట. వాళ్ళతో అనలేక మీతో అంటున్నాను. దీనితో నా తప్పు తరగదని తెలుసు. అయినా, ఎవరో ఒకరితో అన్నాను.