వారసత్వ స్థలం

మా బడిలో వంటక్క గిన్నెలు తోమే బండ మీద అక్షరాలున్నాయని నేను గమనించేసరికి, వాటిలో సగం మెతుకులతో పాటు మోరీలో కలిసిపోయాయి.

ఆ రోజు వాన వెలిసి ఎండ వాలుగా పడుతోంది. బండ మీది నీళ్లన్నీ ఆరినా గీతల్లో మాత్రం తడి నిలిచింది. గీతలు గుండ్రంగా, వరుసగా ఉన్నాయి. వంగి చూశాను.

"అక్కా, ఇది ఉత్త బండ కాదు. శాసనం."

"ఎవల శాసనం మేడం? మీదా, ఎంఈవో సారుదా?" అంది ఆమె, చేతిలో పీచు ఆపకుండా.

"పాత రాజుల కాలంది. దీని మీద తోమకూడదు."

"మరి నా నెత్తి మీద తోమాల్నా?"

సూర్యాపేట నుంచి కోదాడ పోయే పెద్ద రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే మా బడి వస్తుంది. వస్తుంది అని అలవాటు కొద్దీ రాశాను, వచ్చేది అనాలి. ఒక్క టీచరున్న ప్రాథమిక పాఠశాల. హెడ్‌మిస్ట్రెస్‌ని నేనే, అందులోని స్ట్రెస్ కూడా నాదే. మధ్యాహ్న భోజనం వండే ఆమె వయసులో నాకంటే పెద్దది, ఊరందరికీ వంటక్క. ఆమె మనవరాలు మూడో తరగతి.

పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. పొద్దున్నే పసుపు రంగు బస్సులు ఊళ్లోకొచ్చి, హారన్ కొట్టి, టై కట్టిన పిల్లలను కోదాడకు ఎత్తుకుపోయేవి. వచ్చే జూన్‌లో కొత్త పిల్లలు చేరకపోతే మా బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తామని పైనుంచి మాట వచ్చింది. కలపడం అన్న మాటలో ఎంత మర్యాదో. ఉప్పురాయిని చెరువులో వేసినా కలపడమే. బడి పోతే నాకు ఇంకో బడి ఇస్తారు. వంటక్కకు ఇంకో పొయ్యి ఎవరూ ఇవ్వరు, పక్క ఊరి బడికి పక్క ఊరి వంటామె ఉంది. అందుకే ఆమె నాకంటే ముందుగా రోజూ గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టేది.

నాకు మాటల పిచ్చి. పాఠం అయిపోయి పొద్దు మిగిలితే పిల్లలతో ఒక ఆట ఆడించేదాన్ని: బడి దాక్కున్న మాటలు చెప్పాలి. కనబడి, తడబడి, వెనకబడి, ఎగబడి, కూలబడి. చెప్పినవాళ్లకు ఒక రంగు చాక్‌పీసు. వంటక్క మనవరాలు చాలాసేపు ఆలోచించి "బడిబాట" అంది. "దాంట్ల బడి ముంగటనే కూసున్నది, దాక్కోలే" అని అందరూ నవ్వారు. ఆ పిల్ల మూతి ముడుచుకుని, తర్వాత చెప్తనని బాకీ పెట్టింది.

సూర్యాపేటలో రిటైరైన ఉద్యోగులు కొందరు కలిసి ఒక చిన్న నిధి నడుపుతారు. ఒక టిఫిన్ సెంటర్ మీది గదిలో కూర్చుని, తలా కొంత వేసుకుని, చుట్టుపక్కల పల్లెల్లో బడులకూ పాత రాళ్లకూ సాయం చేస్తుంటారు. నా దగ్గర బడీ ఉంది, రాయీ ఉంది. ఒకే దెబ్బకు రెండు పిట్టలనుకుని అర్జీ పెట్టాను. చివరికి రెండు పిట్టలూ పడ్డాయి, ఆ సంగతి తర్వాత.

నిధివాళ్లలో చరిత్ర పాఠం చెప్పి రిటైరైన పెద్దాయన ఒకరు వచ్చారు. బండను కడిగించి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో మెల్లగా కొట్టి, సిరా అద్ది అచ్చు తీసుకున్నారు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశారు.

"ఒక సామంతుడు కొంత భూమి దానమిచ్చారమ్మా. ఆచంద్రార్కం చెల్లాలని రాయించారు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం అని. ఎవరికిచ్చారో మాత్రం తెలియడం లేదు. సరిగ్గా అక్కడే అరిగింది."

నేను వంటక్క వైపు చూశాను.

"నన్నెందుకు సూస్తరు మేడం? పుచ్చుకున్నోడు ఇప్పుడొచ్చి నాది నాకియ్యమంటడా ఏంది?"

ఇచ్చినవాడు మిగిలాడు, పుచ్చుకున్నవాడు గిన్నెల మసితో పోయాడు. పెద్దాయన నవ్వి, మధ్యాహ్నం పిల్లలతో పాటు కూర్చుని పప్పన్నం తిని వెళ్లారు. నెల తిరక్కుండానే నిధి మంజూరైంది.

చిన్న నిధే. కానీ ఆ డబ్బుతో బడి ముఖం తెల్లబడింది (ఇందులోనూ బడి ఉంది, ఎక్కడ చూసినా నాకు అదే కనబడేది). గోడలకు సున్నం, నీళ్లకు కుళాయి, వంటక్కకు తోముకోవడానికి సిమెంటు గద్దె, బండ చుట్టూ ఇనుప జాలి. "పాపం, రాయిని జైల్ల వేసిన్రు" అంది వంటక్క. నిధివాళ్లు పెట్టిన షరతులు రెండే. 'హెరిటేజ్ సైట్' అని ఒక బోర్డు పెట్టాలి. సంవత్సరం చివర లబ్ధిదారులతో ఒక ఫొటో పంపాలి.

బోర్డు పెట్టిన మర్నాడు నేను రోజూ ఎక్కే షేరింగ్ ఆటో డ్రైవరు అడిగాడు: "బడి కాడ సైటు పెట్టిన్రట గద మేడం. గజం ఎంత?"

ఆటోలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మూడో రోజు కూడా అదే అడిగేసరికి నవ్వు రాలేదు. చుట్టూ రియల్ ఎస్టేట్ వెంచర్లు లేచే చోట సైటు అంటే ఇంకేం అర్థమవుతుంది? తెలుగు చెప్పేదాన్ని, తెలుగులో రాయిస్తే పోయేదానికి ఇంగ్లీషెందుకు అనుకుని, ఆ రేకు విప్పించి కోదాడ తీసుకెళ్లాను. 'వారసత్వ స్థలం' అని రాసి ఇచ్చాను.

"ఎవరి వారసత్వమండీ?" అన్నాడు పెయింటరు, బ్రష్ ముంచుతూ.

"అందరిదీ."

"అలాగైతే హాయండి. పేర్లు రాసే పని తప్పింది."

ఆకుపచ్చ రేకు మీద తెల్లటి అక్షరాలు, వత్తులతో సహా ముద్దుగా కుదిరాయి. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆ వారంలోనే ఇద్దరు తల్లులు గేటు దాకా వచ్చి, బడి మంచిగైంది, వచ్చే ఏడు చిన్నోళ్లను వేస్తామని చెప్పారు. వంటక్క ఆ రోజు చారులో పోపు ఎక్కువ పెట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బడి ఉన్న జాగ ఊళ్లో పెద్ద రైతు ఒకాయన ఎప్పుడో నోటిమాటగా ఇచ్చింది. కాగితం లేదు. పిల్లలు చదువుకుంటారు, కట్టుకోండి అన్నాడట, అంతే. ఆయన పోయి చాలాకాలమైంది. మనవడికి మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది.

ఒక రోజు ఆ మనవడు కారులో వచ్చాడు. బోర్డు ముందు కాసేపు నిలుచున్నాడు. లోపలికొచ్చి నాకు రెండు చేతులూ జోడించాడు.

"మా తాత జాగిచ్చిండని ఇన్నేండ్లకు మీరొక్కలే యాది చేసిన్రు మేడం. వారసత్వ స్థలమని గింత మంచిగ రాపిచ్చిన్రు. వారసులం మేమే గద."

"అది కాదు బాబూ, ఆ రాయి గురించి..." అని నేను మొదలుపెట్టాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ అప్పటికే బోర్డు పక్కకు వెళ్లి ఫోను ఎత్తాడు.

ఆ ఫొటో వాళ్ల కుటుంబం గ్రూపులోకి పోయింది. హైదరాబాద్‌లో ఉన్న పాలివాళ్లు, ఆ తాత మిగతా మనవళ్లు, చూశారు. ఒక్కడికే వారసత్వమా అన్నారు. పెద్ద రోడ్డు దగ్గరి జాగ ధర తెలిసినవాళ్లు వాళ్లు. ఎండలు ముదిరేసరికి, జాగలో వాటా కోరుతూ వాళ్లు వేసిన కేసులో బడికి కోర్టు కాగితం వచ్చింది.

ఊళ్లో మాట నాకంటే ముందు తిరిగింది. బడి మీద కేసు పడిందట. బడి కూలగొడతరట. సర్కారే రాసిచ్చిందట, బోర్డు మీద ఉందట.

బోర్డు తీయిద్దామనుకున్నాను. కేసు తేలేదాకా ఏదీ కదపొద్దని ఆ కాగితంలోనే ఉంది. అందుకని మిర్యాలగూడ వెళ్లాను. మిల్లు ఆవరణంతా ఉడికిన వడ్ల వాసన. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, నాకంటే దిగులుగా కూర్చున్నాడు.

"నేనేమన్న కేసేసిన్నా మేడం? మా పాలోళ్లు ఏసిన్రు. అండ్ల వాళ్ల పేరు లేదని వాళ్ల లొల్లి."

"బోర్డు మీద ఎవరి పేరూ లేదు కదా."

"గదే గద పంచాది. నా పేరన్న ఉంటే తీపిచ్చేటోన్ని."

వారసత్వానికి రెండర్థాలున్నాయని చెప్పాను. తాతలు మనకిచ్చిన ఆస్తి ఒకటి. మనందరికీ మిగిల్చిపోయిన పాతకాలపు గుర్తులు ఇంకొకటి. బోర్డు మీదిది రెండోది. వాటా వేసుకునేది కాదు. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"మంచిగున్నది మేడం. మా ఇండ్లల్ల మాత్రం ఒక్కటే అర్థం తెల్సు."

మరి మీ పాలివాళ్లతో ఒక్కసారి మాట్లాడండి, జూన్‌లోపు కేసు వెనక్కు తీసుకోమనండి అని బతిమాలాను. మాట్లాడితే తన వాటా వదులుకున్నట్టవుతుందని ఆయన భయం. అది అబద్ధమూ కాదు. చాయ్ చల్లారింది. బస్టాండు దాకా కారులో దింపాడు.

జీవితమంతా శ్లేషలు వెతుక్కుంటూ బతికాను. పిల్లల పేర్లలో, బస్సు బోర్డుల్లో, పెళ్లిపత్రికల్లో వెతికాను. ఈ ఒక్క శ్లేషను నేను వెతకలేదు, అదే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. రాతి మీద రాయించినవాడి మాట ఇన్ని వందల ఏళ్లు నిలిచింది. నోటితో ఇచ్చినవాడి మాట మనవళ్ల దాకా నిలిచింది. రేకు మీద రాయించిన నా మాట ఒక ఎండాకాలం కూడా దాటలేదు.

జూన్‌లో ఇంటింటికీ తిరిగాను. వంటక్క నా వెంట వచ్చింది. గేటు దాకా వచ్చి మాటిచ్చిన తల్లులే తలుపు దగ్గర నిలబడి చెప్పారు: "కేసున్న బడి మేడం. నడి ఏడాదిల మూస్తే పిల్లగాండ్లను యాడ వేయాలె? జర మీరే చెప్పున్రి."

వాళ్లది తప్పు కాదు. ఇద్దరం పక్క ఇంటికి నడిచాం.

బడి తెరిచిన రెండో వారం వంటక్క పొయ్యి ముట్టించకుండా నా బల్ల దగ్గరికి వచ్చి నిలుచుంది.

"నా కొడుకు పిల్లను కోదాడ బడిల వేసిండు మేడం."

నేను హాజరు పట్టీ ముందుకు లాక్కున్నాను.

"నా చేతి బువ్వ తిన్న పిల్ల. నా బువ్వ పోతదిరా అంటే, నీ బువ్వ కోసం నా బిడ్డ సదువు ఆపాల్నా అన్నడు. ఏం చెప్పాలె?"

"వాడు చెప్పింది నిజమే అక్కా."

"నిజమే. నిజమైతే కడుపు నిండుతదా?" అని, "బియ్యం ఎంత పోయాలె ఇయ్యాల?" అంది.

ఆ రోజు నుంచి వంట చిన్న గిన్నెలోకి మారింది. పెద్ద డేగిసా బోర్లించే ఉండేది. దసరా సెలవులకు ముందు ఉత్తర్వు వచ్చింది. మూతబడి. ఆ రోజుల్లో మా ఆటలో ఈ మాట ఎవరికీ తట్టలేదు, నాకు కూడా.

మిగిలిన పిల్లలు పక్క ఊరి బడికి నడిచి పోయారు. సామాను అప్పగించే రోజు వంటక్క గిన్నెలన్నీ బయటికి తెచ్చింది. సిమెంటు గద్దె వైపు వెళ్లలేదు. ఇనుప జాలి తలుపు తీసి బండ ముందు కూర్చుని, బూడిద పోసి తోమడం మొదలుపెట్టింది. అక్షరాల మీద మసి నీళ్లు పారాయి. నేను వద్దనలేదు. పక్కనే కూర్చుని కడిగిన గిన్నెలు అందుకున్నాను. అవన్నీ పక్క ఊరి వంటామెకు వెళ్లాల్సినవి.

"ఆమెకు మసి గిన్నెలు ఇయ్యొద్దు గద" అంది.

తర్వాత ఆమె దామరచర్ల దగ్గర కట్టడం పనికి పోతోందని విన్నాను. నన్ను సూర్యాపేట దగ్గర ఇంకో బడికి వేశారు.

సంవత్సరం చివర నిధివాళ్లు ఫోను చేశారు. లబ్ధిదారులతో ఫొటో ఇంకా రాలేదమ్మా అన్నారు. బడిని పక్క ఊరి బడిలో కలిపేశారండీ అని చెప్పాను. "కలిపారా? పెద్ద బడి అయిందన్నమాట. మంచిదే" అన్నారు పెద్దాయన, నిజంగా సంతోషపడుతూ. వయసు మీద పడ్డ మనిషి. తన పింఛనులోంచి తీసి ఇచ్చినవాడు. సరే, పంపిస్తానండీ అన్నాను. తీసుకున్న డబ్బుకు ఒక ఫొటో కూడా ఇవ్వకపోతే ఎలా?

ఒక ఆదివారం వెళ్లాను. గేటుకు తాళం ఉంది, పక్కనున్న ప్రహరీ సందులోంచి ఊరంతా పోయి వస్తున్నారు. కబురు చేస్తే వంటక్క వచ్చింది, చేతులకు సిమెంటు పగుళ్లతో. మనవరాలిని కూడా తెచ్చింది. ఫొటో అనగానే ఆ పిల్ల కోదాడ బడి యూనిఫాం వేసుకుని, టై, బెల్టు పెట్టుకుని వచ్చింది. ఉన్నవాటిలో మంచి బట్టలు అవే మరి.

తర్వాత ఆ ఫొటో చూసి నిధివాళ్లు జవాబు రాశారు. పిల్లకు టై కూడా సమకూరినందుకు చాలా సంతోషమని, దాన్ని గోడకు పెట్టుకున్నామని.

"నేను గూడ లబ్ధిదారునేనా మేడం?" అంది ఆ ఆదివారం వంటక్క, ఫొటో కోసం కొంగు సర్దుకుంటూ.

"నువ్వే ముందు."

"గట్లయితే నవ్వాల్నా, ఏడ్వాల్నా?"

"ఊరికే ఉండు అక్కా." పిల్ల వైపు తిరిగి, "నువ్వు కదలకుండా నిలబడమ్మా" అన్నాను.

పిల్ల బండ పక్కన నిటారుగా నిలబడింది. నేను ఫోను పైకెత్తాను. నొక్కేలోపు పిల్ల ముఖం వెలిగింది.

"మేడం, దొరికింది."

"ఏం దొరికింది?"

"నిలబడి. దాంట్ల బడి దాక్కున్నది."

చెప్పినవాళ్లకు రంగు చాక్‌పీసు ఇవ్వాలి. ఫోను కింద పెట్టి సంచీ అంతా వెతికాను. దొరకలేదు.