ఆవిరికి పట్టని ఉన్ని

పొగమంచు వదలడం లేదు. ఎండ మొహం చూడని స్వెట్టర్‌ను ఢిల్లీ పక్కనున్న ఈ ఇందిరాపురం అద్దె ఫ్లాట్‌లో హీటర్ ముందు వేలాడదీస్తే తడి ఉన్ని వాసన లేచింది. ఆ వాసన నాకు ఎస్తేరమ్మ గారి వంటిల్లు. అయిదో తరగతితో బడి వదిలి, ఆఫీసులో పార్సిళ్ళు కడుతూ, చుట్టడానికి తెచ్చిన పాత పత్రికలు చదివి అక్షరం నిలబెట్టుకున్నవాణ్ణి నేను. నన్ను కూర్చోబెట్టి ఒక పని నేర్పిన మనిషి ఆవిడ ఒక్కరే.

ఢిల్లీలో సర్కారు క్వార్టర్ల వరుసలో మా పక్క ఇల్లు వాళ్ళది. భర్త మా ఆఫీసులోనే డ్రైవరు; బాపట్ల వైపు వాళ్ళు. ఒంటి అంతస్తు, ముందు మంచమంత పచ్చిక. ఆవిడ దాన్ని 'మా కాటేజీ' అనేవారు. చెక్కపెట్టెలు విప్పి అలమర చేశారు, వరండా గోడకు తనే సున్నం కొట్టారు. చలి మొదలవగానే పాత స్వెట్టర్లు విప్పి, వంకర్లు తిరిగిన ఆ ఉన్నిని కెటిల్ ఆవిరికి పట్టి సాపు చేసి, క్రిస్మస్‌కు అరచేతిలో ఇమిడే నక్షత్రాలు, గంటలు, బుల్లి మేజోళ్ళు అల్లేవారు.

"ఆవిరి పట్టందే అల్లకు తమ్ముడూ. పాత అల్లిక దీనికింకా గుర్తుంది" అనేవారు నా చేతికి సూదులిచ్చి.

ఒక ఆదివారం ఎండలో ఇద్దరం అల్లుతుంటే మా సెక్షను గుమాస్తా గేటు దగ్గర ఆగాడు. "క్యా భయ్యా, చూడియా భీ పహన్ లో!" గాజులు కూడా తొడుక్కోమని. నేను సూది విసిరేసి లేచాను. ఆవిడ తన బాపట్ల హిందీలో, "భయ్యా, ఆప్ కో భీ టోపీ బనాయేగా. సిర్ బహుత్ ఖాలీ హై" అన్నారు, మీకూ టోపీ అల్లుతాను, తల మరీ ఖాళీగా ఉందని. గుమాస్తా బట్టతల తడుముకుంటూ వెళ్ళిపోయాడు. "కూర్చో. కోపంతో లాగితే ముడి బిగుసుకుంటుంది" అన్నారు నాతో.

ఉద్యోగంలో ఉండగానే వాళ్ళాయన పోయారు. ఇల్లు అట్టేపెట్టుకోవడానికి ఇచ్చిన గడువు సరిగ్గా డిసెంబరు మొదట్లో తీరింది. ఆవిడకు కావలసింది ఒక్కటే: ఆ ఏటి క్రిస్మస్ ఆ ఇంట్లో జరుపుకుని వెళ్ళడం. నేను క్వార్టర్లు కేటాయించే ఆఫీసుకు వెళ్ళి బతిమాలాను, తర్వాత అరిచాను. "అంకుల్ జీ, రూల్స్ మే క్రిస్మస్ నహీ లిఖా హై" అన్నాడు కుర్చీలోని కుర్రాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండా. రూల్సులో క్రిస్మస్ అని రాసి లేదట. రూల్సు రాసినవాడికి ఇల్లు లేదా, పండగ లేదా?

ఖాళీ చేసే పొద్దున టెంపో గేటు ముందు నిలబడి ఉంది. ఆవిడ వంటింట్లో స్పానర్‌తో కుళాయికి కొత్త వాషరు బిగిస్తున్నారు. పొయ్యి వెనక మసికి అప్పటికే సున్నం కొట్టి ఉంది.

"మీకేమన్నా మతిపోయిందా అక్కయ్య గారూ? పొమ్మన్నవాళ్ళ ఇంటికి మరమ్మతులా?"

"ఇల్లేం చేసింది తమ్ముడూ? వచ్చేవాళ్ళు ఇంత చలిలో వస్తారు. కుళాయి కారుతుంటే పసిపిల్లలకి నిద్దరేం పడుతుంది?"

వెళ్తూ వెళ్తూ వరండా మేకుకు ఒక ఎర్ర నక్షత్రం తగిలించారు. అదన్నా తీసుకెళ్ళమన్నాను. "ఇల్లు బోసిగా ఉంటే అడుగు పెట్టబుద్ధి కాదు. ఉండనీ" అన్నారు.

ఆ ఇంటికి ఎవరూ రాలేదు. ఆ వరుసంతా కూల్చి పెద్ద టవర్లు కట్టాలని ఎప్పుడో నిర్ణయమైపోయిందట. క్రిస్మస్ దాటి చాలా రోజులు ఖాళీగా పడి ఉన్నాక, పక్కింటి మమ్మల్నీ ఖాళీ చేయించి, కూల్చే యంత్రం వచ్చింది. సున్నం గోడ, అలమర, వరండా, నక్షత్రం, అన్నీ ఒకే కుప్ప. రోడ్డుకు ఇవతల నిలబడి చూశాను.

ఢిల్లీలోనే కటవారియా సరాయ్‌లో, పరీక్షలకు చదివే పిల్లల మధ్య ఆవిడ అద్దెకు తీసుకున్న గది. వెళ్ళేసరికి ఆవిడ చేతిలో సగం అల్లిన నక్షత్రం ఉంది.

"రా తమ్ముడూ. మనింటికి ఎవరొచ్చారు? పిల్లలున్నారా?"

"ఎవరూ రాలేదక్కయ్య గారూ. కూల్చేశారు."

"నన్ను వెళ్ళమన్నప్పుడే వాళ్ళకి తెలుసా?"

"తెలుసు."

ఆవిడ సూది బయటికి లాగారు. దారం పట్టుకుని మెల్లగా విప్పుతూ పోయారు. నక్షత్రం ఒక్కో మొనా కరిగి ఎర్రటి ఉండైంది. నా చేతిలో పెట్టి, "నీకు పనికొస్తుందేమో" అన్నారు. మళ్ళీ సూదులు పట్టలేదు. ఎండాకాలం రాకముందే పోయారు. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను, వినేవాడెవడూ లేడు.

వచ్చే నెల మేమూ ఈ ఫ్లాట్ ఖాళీ చేయాలి. వంటింటి కుళాయి కారుతోంది. "వదిలెయ్యండి, పోయేవాళ్ళమేగా" అంటోంది మా ఆవిడ. తన మాట తప్పని అనలేను. అయినా మార్కెట్‌కు వెళ్ళి వాషరు తెచ్చాను. బిగిస్తున్నంతసేపూ ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆ ఉన్ని ఉండ నా పెట్టెలో ఉంది. కెటిల్ ఎన్నిసార్లు మరిగినా దాన్ని ఆవిరికి పట్టలేదు. విప్పిన చోటల్లా ఇంకా వంకర్లు తిరిగే ఉంది.