కొబ్బరికాయ కొట్టిన గోల్ఫు కర్ర

మా బావగారికి ఎరువుల కంపెనీ వాళ్ళు గోల్ఫు కర్రల సెట్టు బహుమతిగా పంపారు. మండపేట చుట్టుపక్కల గోల్ఫు ఆడాలంటే ముందు ఎవరిదో వరిచేను తొక్కాలి. చేనుగలాయన కూడా ఒక కర్ర పట్టుకుని వస్తాడు. ఆ తర్వాత జరిగేది గోల్ఫు కాదు.

బావగారిది ఎరువుల కొట్టు. ఏడాదిలో ఇన్ని బస్తాలు అమ్మినవాళ్ళకి కంపెనీ ఏదో ఒకటి ఇస్తుంది. కిందటేడు పక్క ఊరి డీలరుకి స్కూటర్ ఇచ్చింది. అది చూసినప్పటి నుంచి బావగారు దారిన పోయే రైతుని కూడా కేకేసి బస్తా ఎత్తించారు. ఆ స్కూటర్ ఆయన కోసం కాదు, మా మేనకోడలి కోసం.

మేనకోడలు డిగ్రీ మొదటి సంవత్సరం. కాలేజీ రామచంద్రపురంలో. ఊరి నుంచి మండపేటకి ఒక ఆటో, అక్కణ్ణుంచి ఇంకో ఆటో. మా ఆటోలు నిండితేగాని కదలవు. నిండడమంటే డ్రైవరు కూడా సగం బయటికి వేలాడాలి. అందుకని మొదటి పీరియడు ఎలా ఉంటుందో ఆ పిల్లకి తెలియదు. దసరా ముందు కాలేజీ వాళ్ళు కాగితం పంపారు. హాజరు తక్కువైందట, ఇలాగే ఉంటే పరీక్ష రాయనివ్వరట.

"రాయనివ్వకపోతే మానేసి ఇంట్లో కూర్చో. ఈ ఆటోల తిప్పలు ఎన్నాళ్ళు పడతావు?" అంది మా అక్క.

మా అక్క నోటివెంట ఒక మాట వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే. నేను ఎనిమిదో తరగతి సగంలో బడికి దండం పెట్టినవాణ్ణి. అప్పుడు మా ఇంట్లో కూడా ఎవరో ఇలాంటి మాటే అన్నారు. నాకైతే ఆ రోజు పండగలా ఉంది. మేనకోడలు అలా కాదు, కాగితం పట్టుకుని ఏడ్చింది. "ఊరుకోవే, బండి వచ్చేస్తోంది" అన్నారు బావగారు.

వచ్చింది. పొడుగాటి అట్టపెట్టెలో వచ్చింది. విప్పితే తోలుసంచి, అందులో పన్నెండు కర్రలు, ఒక్కోదానికి ఒక్కో టోపీ. కంపెనీకి పట్నం నుంచి కొత్త మేనేజరు వచ్చాడట. డీలర్ల ఆరోగ్యం మీద ఆయనకి శ్రద్ధట.

"చక్రాలు ఏవిరా?" అన్నారు బావగారు, పెట్టె అడుగున చెయ్యిపెట్టి వెతుకుతూ.

"సంచికి రెండున్నాయండి బావగారూ. అమ్మాయిని దీనిమీద కూర్చోబెట్టి మీరు లాక్కెళ్ళచ్చు" అన్నాను.

మర్నాడు ఆయుధపూజ. కొట్టులో కాటాకి, మందుకొట్టే పంపులకి, మినీ లారీకి బొట్లు పెడుతూ మా అక్క ఈ కర్రల్ని కూడా వరసగా గోడకి చేరేసింది. కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే పసుపు రాయకుండా ఎలా ఉంటాం? పన్నెండింటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. కొబ్బరికాయ కొట్టే వేళకి రాయి కనబడలేదు. అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది.

"బావగారూ, కొట్టడానికే కదండి కంపెనీ వాళ్ళు ఇచ్చింది. మొదటి దెబ్బ దేవుడికి కొట్టండి" అన్నాను.

ఆయన బరువుగా ఉన్న ఇనప కర్ర ఒకటి తీసి, కళ్ళకద్దుకుని ఒక్కటి వేశారు. కాయ సరిగ్గా రెండు చెక్కలైంది. "చూశావా!" అన్నారు. నిజం చెప్పాలంటే గోదావరి జిల్లాల్లో అంత చక్కటి గోల్ఫు దెబ్బ మళ్ళీ ఎవరూ కొట్టి ఉండరు.

పండగ అయ్యాక కర్రలు అమ్మి బండి కొందామనుకున్నాం. మండపేటలో నాది సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు, మూల ఒక జిరాక్స్ మిషన్. చుట్టుపక్కల వాళ్ళకి ఫ్రిజ్జులూ మంచాలూ ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మిపెడుతుంటాను. పెట్టె మీద ధర లక్షా పదివేలని ఉంది. లక్ష పెట్టాను. "కొత్త సెట్టు. బంతి తగల్లేదు" అని రాశాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఫోన్లు రావడం మొదలైంది. బెంగళూరు నుంచి ఒకాయన బిల్లు అడిగాడు. బిల్లు ఎరువుల కంపెనీ పేరున ఉందన్నాను. "అయితే రేపు కర్ర విరిగితే నేను షాపువాడికి ఏమని చెప్పుకోవాలండీ? ఎరువులు అమ్మానని చెప్పుకోవాలా?" అని పెట్టేశాడు. హైదరాబాదు నుంచి ఒకావిడ, ఇంత తక్కువకి ఇస్తున్నారంటే దొంగ సరుకేమో అంది. ఇంకొకాయన, ఇదే సెట్టుకి ఈ ఏడు కొత్త మోడల్ వచ్చేసిందనీ పాతది షాపులోనే తగ్గించి ఇస్తున్నారనీ చెప్పి, నలభై అయిదు వేలన్నాడు. తక్కువ పెడితే దొంగసరుకు, ఎక్కువ పెడితే పాతసరుకు.

బావగారికి రోజూ సాయంత్రం ఇదంతా చెప్పేవాణ్ణి. ఆయనకి కోపం వచ్చేది. "ఒరేయ్, కొత్తవాటిని కొత్తవని నమ్మకపోతే ఎలారా? ప్లాస్టిక్కు కవర్లు కూడా మళ్ళీ తొడిగి పెట్టాం కదా!"

"తొడిగామండి. వాటి కింద పసుపు కూడా ఉంది" అనబోయి ఊరుకున్నాను.

మూడో వారానికి విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రిటైరైన ఇంజనీరట. ఎరువుల డీలరుకి వచ్చిన బహుమతని ఆయనకి ముందే చెప్పాను. సామర్లకోట భీమేశ్వరస్వామి దర్శనానికి వస్తున్నాననీ, స్టేషన్‌కి తెస్తే చూస్తాననీ అన్నారు. మేనకోడలు కూడా వస్తానంది. పరీక్షకి ఇంకా నెలన్నర ఉంది. రోజూ మొదటి పీరియడు అందితే హాజరు సరిపోతుందని అది వేళ్ళు మడిచి లెక్కవేసుకుంది.

ప్లాట్‌ఫారం మీద బెంచీకి సంచి చేరేశాం. పెద్దాయన కళ్ళజోడు మార్చుకుని ఒక్కో కర్రా తీసి చూశారు. ఇనప కర్రల మొహం మీద సన్నటి గీతలుంటాయి, బంతి జారకుండా. ఆయన వేలిగోరు పెట్టి ఆ గీతల్లోంచి ఏదో గీకారు.

"ఏంటండీ ఇది, పచ్చగా ఉంది? తుప్పా?"

నేను ఏదో ఒక నూనె పేరు కనిపెట్టే పనిలో ఉన్నాను. ఈలోగా బావగారు చెప్పేశారు.

"పసుపండి. కొత్తవి కదా, పూజ చేశాం."

"మరి ఈ కర్ర అంచు మీద సొట్ట?"

"కొబ్బరికాయండి."

పెద్దాయన కళ్ళజోడు తీసేసి ఒక నిమిషంపాటు నవ్వారు. ఎదురు బెంచీ మీద ఉప్మా తింటున్న కుటుంబం కూడా, విషయం తెలియకపోయినా, మర్యాదకి నవ్వింది. ఆయన ఆ కర్రని కళ్ళకద్దుకున్నారు కూడా. కళ్ళకద్దుకుని అరవై వేలన్నారు.

"పెట్టె మీద లక్షా పది ఉందండి!" అన్నారు బావగారు.

"ఉందండి. షాపుకి వెళ్తే ఆ డబ్బుకి నా ఎత్తు చూస్తారు, పది కర్రలు చేతికిచ్చి ఊపి చూడమంటారు, పొడుగు సరిచేస్తారు, నచ్చకపోతే మార్చి ఇస్తారు. మీరు ఉత్త కర్రలు ఇస్తున్నారు. ఇంటికెళ్ళాక నాకు పొట్టివనిపిస్తే మీ కొట్టుకొస్తే ఏమిస్తారు? యూరియానా?"

ఆయన మాటలు నాకు కొత్త కావు. పెళ్ళిలో కానుకగా రెండు ఫోన్లు వచ్చాయని, ఒకటి విప్పకుండానే అమ్ముదామని ఎవరైనా నా కొట్టుకి వస్తే, "బిల్లు మీ పేరున లేదు కదండీ, సెకండ్ హ్యాండ్ కిందే లెక్క" అని ధర సగం చేసేది నేనే. వాళ్ళు పెట్టుకునే మొహం ఎలా ఉంటుందో ఇన్నేళ్ళూ కౌంటరు ఇవతల నుంచి చూశాను. ఆ రోజు సామర్లకోట ప్లాట్‌ఫారం మీద అదే మొహం బావగారు పెట్టుకున్నారు.

ఆయన సంచి జిప్పు లాగేశారు. "పదరా. అరవైకి కొత్త బండి రాదు. కొత్తది కొనిస్తానని పిల్లకి మాటిచ్చాను."

అప్పటిదాకా పక్కన నిలబడి కర్రల టోపీలు సర్దుతున్న మేనకోడలు అడ్డం వచ్చింది. "నాన్నా, నేను కొత్తది అడిగానా? నాకు కాలేజీకి వెళ్ళే బండి కావాలి. ఇంకో వారం ఆగామంటే నువ్వు విమానం కొనిచ్చినా హాజరు సరిపోదు."

బావగారు కూతురి వైపు చూశారు. తర్వాత, నేనేదో తప్పు చేసినట్టు, నా వైపు చూశారు. నేను రైలు పట్టాల వైపు చూశాను.

"ఇంకో రెండు వేలు వేసుకోండి సార్" అన్నారు చివరికి. "కొబ్బరికాయ మాత్రం ఒక్క దెబ్బకే పగిలిందండి, అది గమనించండి."

పెద్దాయన రెండు వేలు వేశారు.

ఆ వారమే మండపేటలో ఒక బ్యాంకు ఉద్యోగి బదిలీ మీద వెళ్తూ అమ్మేస్తున్న స్కూటర్ కొన్నాం. నాలుగేళ్ళది. హారన్ ఒకటి పనిచేయదు, దాని బదులు మేనకోడలే అరుస్తుంది. నెలన్నరపాటు పొద్దున్నే నా కొట్టు ముందు నుంచి "మావయ్యా!" అని ఒక కేక వినబడేది. తలెత్తేసరికి దుమ్మే కనబడేది. మా అక్క ఇంట్లో కూర్చోమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. "నెమ్మదిగా వెళ్ళమని చెప్పరా దానికి" అని నాకు మాత్రం రోజూ ఫోన్ చేసేది.

ఒక మధ్యాహ్నం మేనకోడలు బండి ఆపి లోపలికి వచ్చి, పరీక్ష హాల్ టికెట్ జిరాక్స్ తీయమంది. రెండు తీశాను. ఒకటి దానికిచ్చి రెండోది కౌంటరు అద్దం కింద పెట్టుకున్నాను. ఫోన్ రిపేరుకి వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేక దాన్ని చదువుతారు.

"ఎవరిదండీ ఇది?" అని అడుగుతారు.

"మా ఇంట్లో పరీక్షలు రాసేవాళ్ళు కూడా ఉన్నారండి" అంటాను. నాది కాదని నా మొహం చూస్తే వాళ్ళకే తెలుస్తుంది.