నా అరికాలికి నేనే మొక్కుకుంటున్న

గౌలిపుర నుంచి ఉప్పుగూడ స్టేషన్ దాకా అరికాలిల జానెడు మేకుతోటి నడిచిన మనిషిని నేను. చాయ్ హోటల్ల దోస్తులకు గిట్లనే చెప్పిన. నిజానికి అది చెప్పులకు కొట్టే చిన్న మొల. స్టేషన్ దాకా గూడ పోలే. గల్లీ చివర పాల దుకాణానికి పోయి వచ్చిన, అంతే.

రక్తం మాత్రం నిజం.

గడప బయట చెప్పులిడిచి లోపలికొచ్చి మంచం మీద కూసున్న. "ఏందయ్యా ఇది?" అని నా భార్య కేక పెట్టింది. గడప నుంచి మంచం దాకా ఎర్రటి అడుగులు. ఎవరివో అనుకున్న. అన్నీ నా ఎడమ కాలివే! చెప్పు తిప్పి చూస్తే మొల కొన పైకి లేచి ఉన్నది. బొటనవేలి కింద అరికాలికి బొక్క పడ్డది, నాకు కొంచెం గూడ నొప్పి లేదు. ఆ నొప్పి లేనందుకే భయమైంది.

షుగర్ మస్తు ఏండ్ల సంది ఉన్నది. ఫికర్ చేసింది ఎన్నడు?

దవాఖానల డాక్టరమ్మ కండ్లు మూసుకోమన్నది. "అరికాలికి దారం తాకిస్త అంకుల్. తెలిసినప్పుడు చెప్పండి."

"ఆఁ, తెలుస్తుంది... ఇగో, మళ్ల తెలిసింది!" అన్న దర్జాగ.

"నేనింకా దారం చేతిల పట్టుకోనే లేదు అంకుల్."

ఎప్పుడూ నన్ను ఎక్కిరించే నా భార్య ఆనాడు నవ్వలే. షుగర్‌తోటి కాలు మొద్దుబారింది, పుండు మానకుంటే వేలు తీసెయ్యాల్సి రావచ్చు, రోజూ కాలు చూసుకోండి అన్నది డాక్టరమ్మ.

సుట్టాలొస్తే కాళ్లకు నీళ్లిచ్చిన. స్కూటర్‌కు దండం పెట్టనిది కిక్ కొట్టలే. నన్ను ఇన్నేండ్లు మోసిన అరికాలు ఎట్లుంటదో మాత్రం ఎన్నడూ చూడలే.

ఇప్పుడు రోజూ పొద్దున తుడిచి, కింద అద్దం పెట్టి చూసుకుంట. చెయ్యి తాకించి కండ్లకద్దుకుంట.

"సిగ్గు లేదా? ఎవరన్న తమ కాళ్లకు తామే మొక్కుకుంటరా?" అంటది నా భార్య.

"నువ్వు మొక్కుతలేవని నేనే మొక్కుతున్న."

"ఛల్! పెండ్లి నాడు మొక్కింది చాలు."

పుండు మానింది. వేలు దక్కింది. నిన్న పొద్దున అద్దంల చూస్తే మడిమెల గాజు పెంకు మెరిసింది. ఎప్పుడు గుచ్చుకున్నదో తెల్వదు. పీకుతుంటే గూడ కాలు ఉలకలే. "మాఫ్ చెయ్యి" అన్న పైకే.

"ఎవరితోటి ముచ్చట?" వంటింట్ల నుంచి అడిగింది.

"కాలుతోటి."

"ఏమంటుందట?"

"మస్తు తిడుతుంది" అన్న.

అబద్ధం. అది ఏమనదు. గదే నా భయం. అందుకే పొద్దున లేవంగనే ముందుగాల నేనే పలకరిస్తున్న.