రెండు తలుపుల కారు

నౌబత్ పహాడ్ గుట్ట ఎక్కే దారి మధ్యలో విద్యావతక్క కావాలనే కారు ఆపింది. వెనక ఒక రిక్షా, దాని వెనక ఒక టాంగా. రిక్షావాడు బెల్లు మీద బెల్లు కొడుతున్నాడు. ఆమె తొందరపడలేదు. చేతిబ్రేకు మెల్లగా వదిలి, క్లచ్ మీద పాదం సడలించి, బండి ఒక్క జానెడైనా వెనక్కి జారకుండా పైకి లాగింది.

"పాసైంది," అంది, పరీక్ష పేపరు దిద్దినట్టు.

ముందు సీట్లో ఆమె పక్కన కూర్చున్నది ఆ కారు అమ్ముతున్న డాక్టరు గారు. ఆయనకు మద్రాసు బదిలీ అయింది. వెనక సీట్లో నేను. అక్కా నేనూ నాంపల్లిలో ఒకే ఆడపిల్లల బడిలో పంతులమ్మలం. ఆమె లెక్కలు, నేను తెలుగు. అది పందొమ్మిది వందల అరవై అయిదు.

"ముందే చెప్తున్నానమ్మా, ఇది ఫ్యామిలీ బండి కాదు," అన్నాడు డాక్టరు.

"నాకు కావాల్సింది బడికి పోయే బండి, డాక్టర్ సాబ్. పెండ్లికి పోయే బండి గాదు."

ఎర్రటి బండి, మీగడ రంగు టాపు. నేలకు దగ్గరగా, ముక్కు చాచి, నిలబడి ఉన్నా పరుగెత్తుతున్నట్టు ఉండేది. రెండే తలుపులు. ఇంటిల్లిపాదీ ఒకేసారి ఎక్కి దిగాలనుకునే మా ఊళ్ళో అటువంటి దాన్ని ఎవరూ అడగలేదు. అందుకే అది మాలాంటి వాళ్ళకు అందే ధరకు వచ్చింది.

ఆమె దాన్ని ఒక్కరోజు చూసి వదల్లేదు. మొజంజాహీ మార్కెట్ ముందు ఒక్క తిప్పుడులో తిరుగుతుందో లేదో చూసింది, తిరిగింది. నాంపల్లి స్టేషను వెనక తమ గల్లీలోకి వెనక్కి నడిపి చూసింది, అక్కడ మేకలు, మంచాలు, బిందెలు అన్నీ దారిలోనే ఉంటాయి. వాన పడ్డ రోజు మళ్ళీ అడిగి తీసుకుని, నీళ్ళలోంచి పోనిచ్చి, తడిసిన బ్రేకులు పడుతున్నాయో లేదో చూసింది. ఈ విద్య ఆమెకు నాయిన ఇచ్చింది. సదాశివ గారికి అఫ్జల్‌గంజ్‌లో మోటారు సామాన్ల దుకాణం ఉండేది. కొడుకుల్లేని ఆయన బిడ్డను దుకాణం వ్యాను ఎక్కించి నడపడం నేర్పి, పెళ్ళికి ముందే లైసెన్సు ఇప్పించాడు. పెళ్ళయ్యాక ఆ చేతులకు స్టీరింగు దొరకలేదు.

"వెనక ఎట్లున్నది పద్మా?" అని అడిగింది ఆ రోజు.

నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. "గంపలో కూసున్నట్టుందక్కా."

ఆమె పకపకా నవ్వింది. "నువ్వు రోజూ కూసుంటవా ఏంది? గంపలే పెట్టుకుంటం గాడ."

అన్నీ పరీక్షించిన మనిషి ఆ వెనక సీట్లో మాత్రం ఒక్కసారైనా కూర్చుని చూడలేదు. ఎందుకు చూస్తుంది? ఆమె కొంటున్నది ముందు సీటు.

తన జీతంలో మిగిల్చుకున్న డబ్బుతోనే కొన్నది. మొదట కొన్ని వారాలు రోజూ తనే నడుపుకుంటూ బడికి వచ్చేది. పిల్లలు గేటు దగ్గర మూగేవారు. సాయంత్రం నన్ను కోఠీలో పాత పుస్తకాల దగ్గర దింపి వెళ్ళేది. నడుపుతున్నప్పుడు చిన్నగా కూనిరాగం తీసేది. బడిలో ఆమె గొంతు అందరికీ తెలుసు కానీ ఆ రాగం నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఒక ఆదివారం భర్తనూ అత్తనూ ఆబిడ్స్ తీసుకుపోయింది. భర్త బాలకిషన్ గారు ఏదో సర్కారీ దఫ్తరులో గుమాస్తా, మెత్తని మనిషి. అత్త లక్ష్మీనర్సమ్మ గారికి మోకాళ్ళ నొప్పులు. ముందు సీటు మడిచి ఆమెను వెనక్కి ఎక్కించాలని చూశారు. సగం దాకా వెళ్ళి ఇరుక్కుపోయింది.

"ఇదేం కారే తల్లీ, పావురాల గూడు లెక్కున్నది! నాతోని గాదు."

అత్త ముందు కూర్చుంది. కొడుకు వెనక ముడుచుకుని కూర్చున్నాడు. ఆబిడ్స్‌లో హోటలు ముందు కారు ఆగగానే ఆయన స్నేహితుడు శ్యామ్‌సుందర్ ఎదురొచ్చాడు. వెనక నించి బాలకిషన్ గారు తల వంచి, పిరుదులు ముందుగా బయటికి రావడం చూశాడు.

"క్యా బాలకిషన్! డ్రైవరమ్మను పెట్టుకున్నవా? తలబు ఎంతిస్తున్నవ్?"

హోటల్లో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. బాలకిషన్ గారూ నవ్వారు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా అక్క గేర్లు మార్చే చేతినే చూశారట.

మర్నాడు, "నాకు నేర్పరాదు?" అన్నారు.

అక్క సంతోషించింది. ఇద్దరూ నడిపితే ఇంకా మంచిదే కదా అనుకుంది. ఏటేటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ అయిపోయి ఖాళీగా పడున్న మైదానంలో పొద్దున్నే నేర్పింది. గేరు పళ్ళు కొరికినా కసరలేదు. ఆయన నేర్చుకున్నాక ఒకే ఒక్క మాట అడిగారు.

"ఎవలన్న అడిగితే శ్యామ్‌సుందర్ నేర్పిండని చెప్పు. సరేనా?"

ఆ మాట నాతో చెప్పేటప్పుడు కూడా అక్క నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది.

ఆ తరువాత జరిగినదాంట్లో దేన్నీ తప్పని వేలెత్తి చూపలేం. మొగుడు పక్కనుండగా భార్య నడిపితే బాగుండదు కనుక ఆయన నడిపారు. అత్త వెనక ఎక్కలేదు కనుక ముందు కూర్చుంది. ఇక మిగిలింది వెనక సీటు, కూరగాయల గంపలు, విద్యావతక్క. దఫ్తరుకు కారు కావాలి కనుక బడికి ఆమె నడిచి వచ్చేది. బ్రేకు వేసినప్పుడల్లా సీటు ముందుకు తూలుతోందని ఆయన తన సీటును, తన పొడుగు కాళ్ళకు సరిపోయే చోట, మేస్త్రీతో బోల్టులు వేయించి కదలకుండా బిగించారు. అప్పటినుంచి వెనకవాళ్ళు బయటికి రావాలంటే ఒక్కటే దారి. అత్తమ్మ దిగాలి. ఆమె దిగడమంటే ఇద్దరు పట్టుకోవాలి.

డెబ్బయ్యవ సంవత్సరంలో సదాశివ గారు అఫ్జల్‌గంజ్ దవాఖానలో పడ్డారు. సాయంత్రాలు అక్కను అల్లుడు కార్లో తీసుకుపోయేవాడు. గాలి తగులుతుందని అత్తమ్మ కూడా ముందు సీట్లో ఎక్కేది. మంచం దగ్గరికి చేరగానే ముసలాయన అడిగేది ఒకటే.

"నువ్వే నడుపుకుంట వచ్చినవా బిడ్డా?"

"ఔ నాయినా."

"ట్రాఫిక్ మస్తుందా?"

"నాకేం ఫికర్? నువ్వు నేర్పినదే గదా."

ఆయన కళ్ళు మూసుకుని తల ఊపేవాడట.

ఒక సాయంత్రం ఆబిడ్స్‌లో బాలకిషన్ గారు కారు ఆపారు. హోటలు ముందు శ్యామ్‌సుందర్ చెయ్యి ఊపాడు. "రెండు నిమిషాలు, గిప్పుడే వస్త," అని దిగిపోయారు. దవాఖాన గేటు మూసే వేళ దగ్గర పడుతోంది. అఫ్జల్‌గంజ్ బస్సు వచ్చి, సరిగ్గా కారు పక్కనే ఆగింది.

"అత్తమ్మా, జర దిగున్రి. నేను బస్సుల పోత."

"నా కాళ్ళు జూస్తలేవా? ఎవలు పట్టుకుంటరు నన్ను? వాడొస్తడు గదా, ఆగరాదు!"

"నాయిన ఎదురు చూస్తుంటడు."

"చూడనీ. మీ నాయిన యాడికి పోతడు?"

బస్సు వెళ్ళిపోయింది. మరో బస్సు వచ్చింది, అదీ వెళ్ళింది. అక్క ముందున్న బోల్టు సీటును రెండు చేతులా తోసిందట. కదల్లేదు. కిటికీ అద్దంలోంచి హోటల్లో భర్త సాసరులో పోసుకుని చాయ్ తాగడం కనిపిస్తూనే ఉంది. పిలిచింది. ఆబిడ్స్ రద్దీలో ఆ పిలుపు ఎక్కడికి పోతుంది?

వాళ్ళు చేరేసరికి గేటు మూసేశారు. "కల్ ఆనా, అమ్మా, రేపు రాండ్రి," అన్నాడు కాపలావాడు. తెల్లవారేసరికి సదాశివ గారు లేరు. పక్క మంచం ఆయన ఏదో మామూలు మాట చెప్పినట్టు చెప్పాడు: "పెద్దాయన రాత్రి దాక ఒక్కటే మాటమ్మా. బిడ్డ సొంతంగ కారు నడుపుకుంట వస్తది, జర గేటు తియ్యమనుండ్రి, అని."

పదకొండో రోజు దాటాక అక్క బడికి వచ్చింది. ఇదంతా నాకు స్టాఫ్ రూములో, సుద్దముక్క గీస్తున్నంత పొడి గొంతుతో చెప్పింది. ఏడవలేదు. "నౌబత్ పహాడ్ ఎక్కుతదా లేదా అని చూసిన పద్మా. వాన చూసిన, గల్లీ చూసిన. వెనక కూసొని చూడలే," అంది. అంతే. ఆ తర్వాత ఆమె ఆ కారు ఎక్కలేదు. ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు. గంపలకు చోటు పెరిగింది.

అత్త పోయింది. పెట్రోలు ధర కొండెక్కింది. బాలకిషన్ గారు మళ్ళీ సైకిలు తీశారు. కారు వాకిట్లో టైర్లు దిగిపోయి, ఎర్ర రంగు ఇటుక రంగై, టాపు మీద వడియాలు ఎండబెట్టే చోటు అయింది. డెబ్బయి ఆరులో ఒక మధ్యాహ్నం పాత ఇనుము కొనే పోచయ్య ఎడ్లబండి తోలుకొచ్చాడు. ఇంజను అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు. నేనూ అక్కడే ఉన్నాను.

పోచయ్య తాళ్ళు కడుతుండగా అక్క తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టింది. పాదం చాచింది. క్లచ్ అందలేదు. సీటు ఇంకా ఆయన కాళ్ళ కొలతకే బిగించి ఉంది. నడుము జార్చి మరికొంచెం చాచింది. అయినా అందలేదు. పోచయ్య తాడు కొస ఎడ్లబండికి బిగించాడు.

"అమ్మా, జర దిగున్రి. బండి గుంజాలె."

అక్క తలుపు తీసింది. తనే దిగింది. ఎవరినీ జరగమని అడగాల్సిన పని లేకపోయింది.