సోమవారం వచ్చే మూర్ఛ

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నాకు అక్షరాలు రావు, నేను నోటితో చెబుతుంటే మా పాస్టరమ్మగారు రాస్తున్నారు, తప్పులుంటే నావి, మేలుంటే దేవునిది!

నా పేరు సుగుణమ్మ, మాది చిత్తూరు దగ్గర పల్లె. మా ఆయన చనిపోయిన ఏడాదే నాకు మూర్ఛరోగం మొదలైంది, ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. ఇద్దరు ఆడబిడ్డలు, నేను కూలికి పోతేనే మాకు సంగటి. బెల్లం గానుగ దగ్గర పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి ఎగదోసే పని నాది, పైన పెనంలో చెరకు పాలు కుతకుతమంటుంటే కింద మంట ముందర నేను కూర్చోవాలి, ఆ చోట మూర్ఛ వస్తే ఏమవుతానో మీరే ఆలోచించండి!

పెద్దాసుపత్రిలో డాక్టరుగారు మూడు పూటలా మాత్రలు వేసుకోమన్నారు, ఏ పూటా మానొద్దన్నారు. కొంగున ముడేసుకుంటే చెమటకు కరిగి చీరకే అంటుకునేవి, అందుకని మా ఆయన ముక్కుపొడి డబ్బా కడిగి అందులో పెట్టుకున్నాను. గానుగ ఇంజను ఆపి అందరూ సంగటికి కూర్చున్నప్పుడు మధ్యాహ్నం మాత్ర వేసుకునేదాన్ని.

అయినా పడిపోయేదాన్ని! చిత్రమేమంటే, పడితే సోమవారమే పడేదాన్ని. చేతిలో తాళంచెవి పెట్టి, ముఖాన నీళ్లు కొట్టి లేపేవాళ్లు. ప్రభువు దినం గడిచిందని సాతాను నా మీద పగ తీర్చుకుంటున్నాడనుకుని ఆదివారం ఉపవాసం ఇంకా గట్టిగా పట్టాను. కడపటికి గానుగాయన, "ఇంగొకతూరి పడితే పొయ్యి కాడికి రావద్దమ్మా, నీ ఉసురు నాకొద్దు" అన్నాడు. ఇంటికొచ్చి మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, సాతానుకు వారాలెట్లా తెలుస్తాయి? సోమవారమే ఎందుకొస్తాడు? నాకు తెలియజెయ్యి తండ్రీ" అని ఏడ్చాను.

మరునాడు నా పక్కన పిప్పి ఎండబెట్టే మునెమ్మ, గంగమ్మకు మొక్కే మనిషి, సంగటి ముద్ద తుంచుతూ అడిగింది.

"మే అక్కా, నేను సూస్తానే ఉండా, నువ్వు సోమారమే పడతావు. ఆదివారం ఏం జేస్తావు?"

"ఉపాసం. పొద్దున్నించీ పండుకొనేదాకా పచ్చినీళ్లు గూడా ముట్టను."

"మరి మాత్ర?"

"అదీ నోట్లోకి పొయ్యేదే గదా!"

మునెమ్మకు నవ్వి నవ్వి పొలమారింది. "నీ పాసుగూల! మీ సామి కూడు వద్దన్నాడా, మందు గూడా వద్దన్నాడా? పోయి మీ అయ్యగారినే అడుగు పో!"

సహోదరులారా, నా ఒళ్లు జలదరించింది! రాత్రి నేను దేవుణ్ణి అడిగిన మాటకు జవాబు, ఆయన పేరెరగని మనిషి నోట, సంగటి తినే చోట!

పోయి పాస్టరుగారిని అడిగాను. ఆయన, "ఈ మాట నేనే ముందు నిన్ను అడగవలసిందమ్మా" అని, ఆ ఆదివారం నాకు పొద్దున గంజి తాగించి, ఆరాధన నడుమ తానే గ్లాసుతో నీళ్లు తెచ్చి మధ్యాహ్నం మాత్ర వేయించారు. సోమవారం భయపడుతూ పొయ్యి ముందర కూర్చున్నాను, పిప్పి చిటపటమన్నా గుండె ఝల్లుమనేది, మునెమ్మ పని మానుకుని నన్నే చూస్తుండేది. సాయంత్రం పెనం దించి బెల్లం అచ్చుల్లో పోసేదాకా నేను కూర్చున్న చోటే ఉన్నాను! "ఏం మే, మీ దెయ్యానికి ఈ సోమారం సెలవా?" అంది మునెమ్మ. ఇద్దరం నవ్వి నవ్వి ఏడ్చాము.

ఆ తర్వాత ఎన్నో సోమవారాలు గడిచాయి, మళ్లీ పడలేదు, దేవునికే మహిమ! మాత్రలు మానలేదు, మానను కూడా. ఆయన ఎవరి నోట ఎట్లా మాట్లాడతాడో నాకిప్పటికీ వింతే. రోగంతో కూలికి పోయే నా తల్లులారా, ఆయన్ను నమ్మండి, తెలియనిది అడగండి, జవాబు ఏ పక్క నుంచి వచ్చినా చెవి పెట్టండి. మా సంఘానికి రండి, ప్రార్థన ముగించే ముందు పాస్టరుగారు "సుగుణమ్మా, మాత్ర?" అంటారు, నేను మింగేదాకా అందరూ ఆగుతారు, అప్పుడే ఆమెన్ అంటారు.